మందుకు లొంగని నల్లి, నల్లికి లొంగని ఈగ

(తేనెటీగల పెంపకందార్లు, కూరగాయల రైతుల కోసం సంఘం జరిపిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వేదిక మీద గిట్టుబాటు ధర, కౌలు గుర్తింపు కార్డులు, పంటల బీమా, ఎరువుల కొరత గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈరోజు తేనెటీగ గురించీ, దాని ఒంటిమీద పాకే ఒక నల్లి గురించీ మాట్లాడుకోవాలనుకున్నాం. తేనె అమ్ముకునే కొద్దిమంది బాధే కదా ఇది అని కొందరికి అనిపించవచ్చు. కాదు. పొద్దుతిరుగుడు చేలో ఈగలు వాలకపోతే పువ్వు పెద్దగానే కనిపిస్తుంది గానీ లోపల తాలు గింజలు మిగులుతాయి. దోస, పుచ్చ, గుమ్మడి, బీర, కాకర తీగల్లో ఆడ పువ్వు వేరు, మగ పువ్వు వేరు. పుప్పొడిని మోసుకొచ్చే ఈగ లేకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. ఉల్లి విత్తనం వేసే రైతు, నువ్వులు వేసే రైతు, ఏజెన్సీలో వలిసెలు వేసే గిరిజన రైతు, అందరూ ఎంతో కొంత ఈగ మీద ఆధారపడ్డవాళ్లే. ఈగ కూలి అడగదు కాబట్టి దాని పని మన ఖర్చుల లెక్కలోకి రావడం లేదు, అంతే.

ఆ ఈగకు ప్రపంచమంతటా ఇప్పుడున్న పెద్ద శత్రువుల్లో మొదటిది వర్రోవా నల్లి.

నల్లి ఏం చేస్తుంది?

మిరపలో తెల్లనల్లి, వంగలో ఎర్రనల్లి, కొబ్బరిలో ఈరియోఫిడ్ నల్లి మనకు కొత్త కాదు. ఇదీ ఆ జాతిదే, కాకపోతే ఆకుకు బదులు ఈగకు పడుతుంది. ఎదిగిన ఆడ నల్లి ఇటుక రంగులో, పీత డిప్పలా చదునుగా ఉంటుంది. పొడవు ఒక మిల్లీమీటరు పైన, వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్ల పైన. మన కంటికి అది చుక్కంత. ఈగకు మాత్రం అది మన ఒంటికి అన్నం పళ్లెమంత పురుగు అతుక్కున్నట్టు.

ఇది ఈగ రక్తం పీలుస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2019లో అమెరికాలో శామ్యూల్ రామ్సే బృందం వెలువరించిన పరిశోధన అసలు సంగతి వేరని చెప్పింది. నల్లి ముఖ్యంగా తినేది ఈగ ఒంట్లోని కొవ్వును. ఆ కొవ్వు ఈగకు మనకు కాలేయం ఎలాగో అలాంటిది. తిండి నిల్వ ఉండేది అక్కడే, విషానికి విరుగుడు తయారయ్యేది అక్కడే, రోగాన్ని ఎదుర్కొనే శక్తికి మూలమూ అక్కడే. పైగా నల్లి కరిచిన చోట వైరస్‌లు కూడా ఎక్కుతాయి. రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టె ముందు నేలమీద పాకుతూ కనిపిస్తే అది ఆ వైరస్ పనే, దాన్ని మోసుకొచ్చింది నల్లే.

నల్లి పిల్లలు పెట్టే పద్ధతి తెలిస్తే తక్కిన కథంతా అర్థమవుతుంది. ఈగ పిల్ల పెరిగే గదికి మైనం మూత పడబోయే ముందు ఆడ నల్లి లోపలికి దూరుతుంది. మూత పడ్డాక రెండున్నర, మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది. అది మగ. ఆ తర్వాత సుమారు 30 గంటలకు ఒకటి చొప్పున ఆడ గుడ్లు. ఆ మూసిన గదిలోనే అవి ఎదిగి జతకడతాయి. ఈగ మూత కొరుక్కుని బయటికి వచ్చేటప్పుడు తల్లి నల్లితో పాటు ఎదిగిన కూతుళ్లూ వస్తాయి. ఎదగనివి లోపలే చస్తాయి. అంటే గది ఎన్ని రోజులు మూసి ఉంటే నల్లికి అంత సంతానం. కూలి ఈగ గది సుమారు 12 రోజులు, పోతుటీగ గది 14, 15 రోజులు మూసి ఉంటుంది. అందుకే నల్లికి పోతుటీగ గదులంటే మక్కువ.

మన ఈగ దీన్ని ఎలా తట్టుకుంది?

ఈ నల్లి ఆసియా ఖండానిది. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, పాత గోడల సందుల్లో పట్టు పెట్టే మన చిన్న ఈగను శాస్త్రవేత్తలు ఎపిస్ సెరానా అంటారు. నల్లికి అసలు ఇల్లు ఆ ఈగ పట్టే. తరతరాలుగా రెండూ కలిసి బతికాయి. ఈగ నల్లిని పూర్తిగా తుడిచిపెట్టలేదు, నల్లి ఈగను చంపలేదు.

ఇది మూడు విధాలుగా సాధ్యమైంది. ఒకటి, మన ఈగకు ఒళ్లు దులుపుకునే అలవాటు ఎక్కువ. నల్లి పడితే కాళ్లతో తోసేస్తుంది, పక్కనున్న ఈగలూ వచ్చి దవడలతో పట్టి లాగేస్తాయి. రెండు, కూలి ఈగల గదుల్లో నల్లి పెరగలేదు. నల్లి సోకిన కూలి పిల్ల త్వరగా చచ్చిపోతుంది, పెద్ద ఈగలు దాన్ని గుర్తించి నల్లితో సహా బయట పారేస్తాయి. మూడు, పోతుటీగల గదుల్లో నల్లి పెరుగుతుంది. కానీ ఒకే గదిలో నల్లులు ఎక్కువైతే లోపలి పోతుటీగ నీరసించి, గట్టిగా ఉండే ఆ మూతను తెరుచుకోలేదు. బయటి ఈగలు ఆ మూత తీయవు. గదే సమాధి అవుతుంది, లోపలి నల్లులూ అక్కడే చస్తాయి.

ఈగలన్నీ కలిసి చేసే పని ఇది. ఏ ఒక్క ఈగా ఒంటరిగా నల్లిని గెలవలేదు.

ఇక పెట్టెల్లో పెంచే ఇటలీ ఈగ సంగతి. దాని శాస్త్రీయ నామం ఎపిస్ మెల్లిఫెరా. ఐరోపా నుంచి వచ్చిన ఈ ఈగ మన దేశంలో నిలదొక్కుకున్నది 1960ల మొదట్లో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల కృషి వల్ల. తేనె ఎక్కువ ఇస్తుంది, పట్టు వదిలి పారిపోవడం తక్కువ. కానీ దాని పూర్వీకులు ఎన్నడూ ఈ నల్లి ముఖం చూడలేదు. ఆసియాలో రెండు ఈగలనూ పక్కపక్కనే పెంచిన చోట్ల, గత శతాబ్దం మధ్యలో నల్లి మన ఈగ మీద నుంచి ఆ ఈగ మీదికి దూకింది. అక్కడ కూలి గదుల్లోనూ పెరగగలిగింది. ఇక అడ్డు లేకపోయింది. అమెరికాలో 1987లో, బ్రిటన్‌లో 1992లో, న్యూజిలాండ్‌లో 2000లో బయటపడింది. ఆస్ట్రేలియాలో 2022 జూన్‌లో న్యూకాజిల్ ఓడరేవు దగ్గర కనిపించింది. పట్లను నాశనం చేసి అరికట్టాలని చూసి, 2023 సెప్టెంబరులో ఆ ప్రయత్నం మానుకున్నారు.

మన దేశంలో ఇటలీ ఈగకు ఇంకో నల్లి బెడద కూడా ఉంది. ట్రోపిలేలాప్స్ అనే ఆ నల్లి ఎత్తైన చెట్లకూ కొండ చరియలకూ పెద్ద పట్లు పెట్టే కొండ తేనెటీగ నుంచి వచ్చింది. అది వర్రోవా కంటే సన్నగా, పొడవుగా ఉండి తేనె పట్టు మీద చురుగ్గా పరిగెడుతుంది.

ఇదంతా విని మన ఈగే సర్వరోగ నివారిణి అనుకోనక్కర్లేదు. అది తేనె తక్కువ ఇస్తుంది, చీటికీ మాటికీ పట్టు వదిలి వెళ్లిపోతుంది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో మన ఈగ పట్లు ఊడ్చిపెట్టుకుపోయాయి. నల్లిని తట్టుకున్న ఈగ ఆ వైరస్‌ను తట్టుకోలేకపోయింది. ఏ జబ్బుకు ఆ జబ్బునే తట్టుకోవాలి. ఒక విషయం మాత్రం ఖాయం. నల్లిని తట్టుకునే గుణం ఈగ జాతిలో ఉండగలదని మన తొర్రలోని ఈగ రుజువు చేసింది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు మనం పట్టించుకోని ఈగే ఆ పాఠం చెప్పింది.

మందు కథ మనకు తెలిసిందే

నల్లి పట్టిన పెట్టెలో మందు పట్టీ వేలాడదీయడం ప్రపంచమంతటా అలవాటైంది. ఫ్లూవాలినేట్ పట్టీలు మొదట్లో అద్భుతంగా పనిచేశాయి. కొన్నేళ్లకే ఆ మందుకు చావని నల్లులు ఐరోపాలో, అమెరికాలో బయటపడ్డాయి. కౌమాఫాస్ వచ్చింది, దానికీ అదే గతి. పశువుల పిడుదులకు మనం వాడే అమిట్రాజ్‌ను కూడా చాలా దేశాల్లో నల్లికి వాడారు, దానికీ కొన్నిచోట్ల నల్లి లొంగడం మానేసింది. పైగా వీటిలో కొన్ని మందులు మైనంలో నిలిచిపోయి పిల్ల ఈగలకే చేటు చేస్తాయి.

పత్తి రైతుకు ఈ కథ ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చపురుగు మీద మందు తర్వాత మందు కొట్టాం. బీటీ విత్తనం వచ్చింది. ఇప్పుడు గులాబీ రంగు పురుగు బీటీ కాయలోనే కూర్చుని తింటోంది. మందుకు చచ్చేవి చస్తాయి, చావని కొన్ని మిగులుతాయి, వచ్చే తరమంతా వాటి సంతానమే.

నల్లి విషయంలో ఇంకో నష్టం ఉంది. మందు నల్లిని రాటుదేలుస్తూనే, బలహీనమైన ఈగనూ కాపాడుతుంది. తనంతట తాను నల్లిని ఎదుర్కోలేని పట్టు కూడా మందు అండతో బతికి, పోతుటీగలను ఊరి మీదికి వదిలి, తన బలహీనతనే వచ్చే తరానికి అందిస్తుంది. ఏటా మనం నల్లిలో బలాన్నీ, ఈగలో బలహీనతనూ ఎంపిక చేస్తున్నట్టు అవుతోంది. మందు అసలు వద్దని మేము అనడం లేదు. ఎడాపెడా, లెక్క లేకుండా, క్యాలెండరు చూసి వేసే మందు వద్దంటున్నాం.

ఇతర దేశాల అనుభవం

దక్షిణాఫ్రికాలో 1997లో వర్రోవా బయటపడింది. అక్కడ ఎక్కువమంది పెంపకందార్లు మందు వేయలేదు. మొదట్లో పట్లు చాలా పోయాయి. పదేళ్లు తిరగకుండానే అక్కడి ఈగలు నల్లితో కలిసి బతకడం నేర్చుకున్నాయి. క్యూబాలో రెండు లక్షలకు పైగా పట్లను మందు లేకుండా పెంచుతున్నారు. దశాబ్దాలుగా బయటి నుంచి ఈగలను తెచ్చుకోకుండా, సొంత పట్ల నుంచే రాణులను పెంచుకున్న దేశం అది.

స్వీడన్‌లోని గోట్‌లాండ్ దీవిలో 1999లో ఇంగెమార్ ఫ్రీస్ అనే శాస్త్రవేత్త బృందం 150 పట్లను మందు లేకుండా వదిలేసింది. మూడో చలికాలంలో 76 శాతం, నాలుగో చలికాలంలో 57 శాతం పట్లు పోయాయి. ఐదో ఏట ఆ నష్టం 13 శాతానికి, ఆరో ఏట 19 శాతానికి తగ్గింది. మిగిలిన ఈగల్లో నల్లి సంతానం సరిగా పెరగడం లేదని తేలింది.

ఇంకో దారి ఎంపిక చేసి పెంచడం. తెగులు సోకిన పిల్ల గదికి మూత తీసి, పిల్లను బయట పారేసే అలవాటు ఈగల్లో వంశపారంపర్యంగా వస్తుందని 1964లోనే వాల్టర్ రోథెన్‌బ్యూలర్ చూపించారు. తర్వాత మిన్నెసోటాలో మార్లా స్పివాక్ ఆ గుణమున్న ఈగలను ఎంచి పెంచారు. లూసియానాలోని బాటన్ రూజ్ ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో జాన్ హార్బో, జెఫ్రీ హారిస్ నల్లి పెరుగుతున్న గదులను వాసన పట్టి తెరిచే ఈగలను తయారుచేశారు. అదే కేంద్రం 1997లో రష్యా తూర్పు కొసన నల్లితో చాలాకాలం బతికిన ఈగలను తెప్పించి పెంచింది.

గోట్‌లాండ్ లెక్కను ఒక్క క్షణం మన పెట్టెలకు వేసుకుని చూడండి. అప్పు తెచ్చి 50 పెట్టెలు పెట్టిన చిన్న రైతుకు ఒక్క ఏడాదిలో 76 శాతం పోతే మిగిలేది 12 పెట్టెలు, వడ్డీతో సహా అప్పు. ఆ ప్రయోగాన్ని ప్రభుత్వ డబ్బుతో దీవిలో చేయవచ్చు. రైతు గట్టు మీద చేయించకూడదు. మందు మానేయండి, బలమైనవే బతుకుతాయని ఎవరైనా ఉచిత సలహా ఇస్తే, మధ్యలో పోయే పట్ల ఖరీదు ఎవరు కడతారని అడగాలి.

ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు

ఆవును మంచి ఎద్దు దగ్గరికి మనమే తోలుకుపోతాం. రాణి ఈగను అలా తోలుకుపోలేం. అది గాలిలోకి ఎగిరి, అనేక పోతుటీగలతో జతకట్టి వస్తుంది. ఆ పోతుటీగలు కిలోమీటర్ల దూరంలోని పట్ల నుంచి కూడా వస్తాయి. ఇక జీవితాంతం అదే దాని నిల్వ. ప్రయోగశాలలో కృత్రిమ గర్భధారణ ఉంది గానీ అది చేలో చేసే పని కాదు.

అంటే ఒక రైతు ఎంత శ్రద్ధగా మంచి రాణిని ఎంచుకున్నా, చుట్టుపక్కల పెట్టెల్లో బలహీనమైన పోతుటీగలుంటే ఒకటి రెండు తరాల్లో ఆ గుణం పలచబడుతుంది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల పెంపకందార్లు కలిసి ఎంచితేనే నిలుస్తుంది. సొసైటీ పెట్టుకుంటే లాభం అని మనం చాలా విషయాల్లో చెబుతాం, పెట్టుకోకపోయినా పని సాగుతుంది. ఇక్కడ మాత్రం ఈగ జతకట్టే పద్ధతే మనల్ని కలవమంటోంది.

అందుకని ఒక్కో ప్రాంతంలో పెట్టెలున్న సభ్యులంతా కలిసి చేయవలసిన పనులు చెబుతాం.

మొదటిది నల్లి లెక్క. నెలకోసారి ప్రతి పట్టునూ చూడాలి. రాణి లేని పిల్ల ఫ్రేము నుంచి అర కప్పు ఈగలను సీసాలోకి దులపండి. సుమారు 300 ఈగలు వస్తాయి. మూతకు జాలీ ఉండాలి. రెండు చెంచాల మెత్తటి పంచదార పొడి వేసి, సీసాను మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు ఆగి, జాలీ గుండా తెల్ల పళ్లెంలోకి గట్టిగా దులపండి. పళ్లెంలో కాస్త నీళ్లు పోస్తే పంచదార కరిగి నల్లులు తేలతాయి. ఈగలను మళ్లీ పెట్టెలో వదిలేయవచ్చు, చావవు. వందకు మూడు, అంటే సీసాకు తొమ్మిది నల్లులు దాటితే చికిత్స చేయాలి. అంతకు తక్కువుంటే మందు జోలికి పోవద్దు.

రెండోది గుండుసూది పరీక్ష. మూత పడిన కూలి గదుల్లో ఒకచోట 50 గదులను గుర్తుపెట్టి, మూత మీద నుంచి సన్నటి సూదితో లోపలి పిల్లను గుచ్చండి. 24 గంటల తర్వాత ఎన్ని గదులు ఖాళీ చేశాయో లెక్కపెట్టండి. ఏ పట్టు త్వరగా శుభ్రం చేసిందో అదే మన విత్తనపు పట్టు.

మూడోది రాణులు, పోతుటీగల ఎంపిక. నల్లి తక్కువగా ఉండి, సూది పరీక్షలో ముందున్న పట్ల నుంచే కొత్త రాణులను పెంచాలి. ఆ పట్లలో పోతుటీగలను ఉండనివ్వాలి. నల్లి ఎక్కువున్న పట్లలో మూత పడిన పోతుటీగ గదులను, అవి బయటికి రాకముందే కోసి తీసేయాలి. దీనితో నల్లీ తగ్గుతుంది, చెడ్డ వంశమూ ఆగుతుంది. ఆ పట్టును చంపనక్కర్లేదు, రాణిని మారిస్తే చాలు. కొద్ది వారాల్లో పట్టంతా కొత్త రాణి సంతానమే అవుతుంది. గోట్‌లాండ్‌లో పట్లు చచ్చి సాధించింది, మనం రాణులను మార్చి సాధించవచ్చు. దీనికి ఎక్కువ కాలం పడుతుంది గానీ రైతు మునగడు.

నాలుగోది పిల్ల లేని విరామం. ట్రోపిలేలాప్స్ నల్లి పెద్ద ఈగలను తిని బతకలేదు, పిల్ల లేకపోతే కొద్ది రోజుల్లోనే చస్తుంది. రాణిని మూడు వారాలకు పైగా పంజరంలో ఉంచి, ఉన్న పిల్లలన్నీ బయటికి వచ్చేదాకా ఆగితే మందు లేకుండానే అది చాలావరకు పోతుంది. వర్రోవాకు ఇదొక్కటే చాలదు, అది పెద్ద ఈగల మీద నెలల తరబడి బతుకుతుంది. కానీ అప్పుడు నల్లులన్నీ గదుల బయటే ఉంటాయి కాబట్టి, అవసరమైన చికిత్స ఆ సమయంలో చేస్తే బాగా పనిచేస్తుంది.

పెట్టెలు లేని రైతు చేయగలిగింది కూడా ఉంది. పూత మీద పురుగుమందు కొట్టకండి. తప్పనిసరైతే ఈగలు తిరగని సాయంత్రం పూట కొట్టండి, ముందురోజు పెంపకందారుకు చెప్పండి. నల్లి తినేసిన ఈగకు విషాన్ని విరిచే శక్తి తక్కువని గుర్తుపెట్టుకోండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది

2020లో కేంద్రం 500 కోట్ల రూపాయలతో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ప్రకటించింది. మంచిదే. అయితే లెక్కలన్నీ ఎన్ని పెట్టెలు పంచాం అనే చోట ఆగిపోకూడదు. ఖాళీ పెట్టె తేనె ఇవ్వదు. పథకం కింద ఇచ్చే ప్రతి పట్టు ఏ వంశానిది, నల్లి లెక్క ఎంత అని రాసివ్వాలి. రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు నల్లిని తట్టుకునే రాణులను ఎంచి పెంచి, విత్తనం ఇచ్చినట్టే సరసమైన ధరకు రైతుకు అందించాలి. ఎంపిక కాలంలో పట్లు నష్టపోయిన రైతుకు పరిహారం ఉండాలి. ఏజెన్సీలో మన చిన్న ఈగను పెంచే గిరిజన రైతుల దగ్గరున్న పట్లను కాపాడాలి. ఇటలీ ఈగలను అక్కడికి తోలేముందు వాళ్లను అడగాలి. ఒక ఈగ రోగం ఇంకో ఈగకు ఎక్కుతుందని నల్లి చరిత్రే చెబుతోంది.

వీటికోసం వినతిపత్రాలు ఇద్దాం, అవసరమైతే ధర్నా చేద్దాం. అయితే ఆఫీసుకు వెళ్లేటప్పుడు చేతిలో లెక్క ఉండాలి. పెట్టెలున్న ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఈ నెల నుంచే ఒక పుస్తకం పెట్టండి. పెట్టె నంబరు, తేదీ, సీసాలో పడ్డ నల్లులు, 50లో ఖాళీ అయిన గదులు, ఈ నాలుగు చాలు. ఆరు నెలల తర్వాత మండలానికో చోట కూర్చుని పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏ ఊళ్లో, ఎవరి పెట్టెలో మంచి రాణి ఉందో అప్పుడు మనకే తెలుస్తుంది.